లేని వేళ్ళ పిడికిలి

గదిలో బాగయ్యే చేతులు

చేతికి దెబ్బ తగిలిన పనివాళ్ళను తిరిగి పనిలో నిలబెట్టడం నా ఉద్యోగం. అనంతపురంలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి "మీ అనుభవాలు చెప్పండి మేడం" అంటుంటారు. వాళ్ళు వినాలనుకునేవి వేరు, నేను చెప్పాల్సినవి వేరు. ఏ వేలికి ఏ వ్యాయామమో పుస్తకాల్లో ఉంది, చదువుకోండి. నేను చెప్పేది నా వల్ల జరిగిన ఒక తప్పు గురించి. ఆ తప్పులోనే నాకు ఇప్పటికీ అంతుపట్టని సంగతి కూడా ఒకటుంది.

మొదట్లో నేనూ అందరిలాగే ఆసుపత్రి గదిలో కూర్చునే వైద్యం చేసేదాన్ని. మెత్తటి బంతి పిసికించడం, డబ్బాలో గోలీలు ఏరించడం, బట్టల క్లిప్పులు తీగకు పెట్టించడం. గోరంట్ల నుంచి రామలక్ష్మి అని ఒకమ్మాయి వచ్చింది. గార్మెంట్స్‌లో కుట్టుపని. మిషన్ సూది బొటనవేలిలోంచి దిగిపోయింది. రెండు నెలల్లో వేలు చక్కగా వంగింది, గోలీలు చకచకా ఏరింది. నేను మురిసిపోయి పంపించాను. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చి నా ముందు కూర్చుంది.

"ఏమైందమ్మా?"

"ఆడ గోలీలు ఏరే పని ల్యా మేడం," అంది చురుగ్గా. "నీ కాడ ఈ వేలు చెప్పినట్ల వింటాది. మిషన్ కాడికి పోతే నాది కాదన్నట్ల కూసుంటాది."

ఆమె వెంట ఫ్యాక్టరీకి వెళ్ళి పక్కన నిలబడి చూశాను. స్టూలు పొట్టిది. గుడ్డను లాగాలంటే మోచెయ్యి పైకెత్తి బొటనవేలిని వంకరగా తిప్పాలి. స్టూలు కింద రెండు ఇటుకలు పెట్టించాను. అంతే. రెండు నెలల గోలీలు చెయ్యలేనిది రెండు ఇటుకలు చేశాయి. ఆ రోజు నుంచి గది వదిలేశాను. చెయ్యి ఎక్కడ దెబ్బతిన్నదో అక్కడికే వెళ్ళి, ఆ మిషన్ దగ్గరే, ఆ పనితోనే వైద్యం.

మా పెద్ద డాక్టరుగారికి ఇది నచ్చలేదు. "ఫ్యాక్టరీల్లో నీకేం పనమ్మా?" అని గొణుక్కుంటూనే జీపు ఇచ్చాడు. మంచి సర్జన్, నోరు మాత్రం మంచిది కాదు. ఆయన నాకు నేర్పింది ఒక్క మాట: "మనిషి చెప్పేది వినకు, చెయ్యి చేసేది చూడు. మనిషి భయంతో చెబుతాడు, కోపంతో చెబుతాడు. చెయ్యి అట్లా కాదు." చాలా ఏళ్ళు ఆ మాటను తలకెత్తుకొని తిరిగాను. అందులో సగమే నిజమని కుళ్ళాయప్ప దగ్గర తెలుసుకున్నాను.

గోనెసంచులు కప్పిన మిషన్

యాడికి దాటి కొంత దూరం పోతే బండల ఫ్యాక్టరీలు వస్తాయి. ఫ్యాక్టరీలంటే పెద్దగా ఊహించుకోకండి. గనిలోంచి వచ్చిన బండను కోసి, అంచులు సరిచేసి, నునుపు పట్టే రేకుల షెడ్లు. నేను మొదటిసారి వెళ్ళిన ఏడు వాన లేదు. దారి పొడుగునా శెనక్కాయ చేలు మొలకెత్తినట్టే ఎత్తి మాడిపోయి ఉన్నాయి. షెడ్ల దగ్గరకు వచ్చేసరికి ప్రపంచమంతా తెల్లగా మారింది. రాతిపొడి. తుమ్మచెట్ల మీద, కుక్కల వీపుల మీద, మనుషుల కనురెప్పల మీద. పలకరిస్తే ఆ తెల్లటి ముఖాల్లో కళ్ళు మాత్రం కదిలేవి. ఎవరు పడుచువాళ్ళో ఎవరు ముసలివాళ్ళో పోల్చుకోలేకపోయాను.

షెడ్డులో నాలుగు మిషన్లు ఉన్నాయి. మూడు చెవులు పగిలేలా అరుస్తున్నాయి. నాలుగోది గోనెసంచులు కప్పుకొని నిలబడి ఉంది. పైన ఎండిన వేపమండ, దారంతో వేలాడే నిమ్మకాయ. తట్టలు మోసే ఆడవాళ్ళు దాని పక్కనుంచి పోతే నాలుగడుగుల దారి. అయినా షెడ్డంతా చుట్టి పోతున్నారు. ఒకామె కొంగు గాలికి అటువైపు ఎగిరితే గబుక్కున లాక్కొని నడుముకు చెక్కుకుంది.

ఆ మిషన్ మీద ఇరవై ఏళ్ళుగా పనిచేసినవాడు కుళ్ళాయప్ప. పనేమిటంటే, నీళ్ళు కారుతుండగా గుండ్రటి బ్లేడు ఒకచోటే తిరుగుతుంటుంది. చక్రాలున్న ఇనుప బండి మీద రాయి పెట్టి, పిడి పట్టుకొని బ్లేడు వైపు నెట్టాలి. ఒకరోజు కుళ్ళాయప్ప నెట్టుకుంటూ పోయి ఆపలేదు. కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు మొదలంటా పోయాయి. ఎట్లా జరిగిందో అతనికే గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి బురదలో పడి ఉన్నాడు. ఫ్యాక్టరీ యజమానిని అక్కడ అందరూ సావుకారి అంటారు. ఆయన మాత్రం ఎవరూ అడక్కముందే తేల్చేశాడు, తాగి వచ్చి ఉంటాడని. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు గదా. సిగ్గుపడుతూ చెబుతున్నాను, నేనూ నా కాగితంలో "మద్యం అలవాటు ఉండవచ్చు" అని రాసుకున్నాను.

కుళ్ళాయప్ప భార్య ఓబులమ్మ అదే షెడ్డులో బురద ఎత్తే పని చేస్తుంది. ఆమే నాకు ఆ గోనెసంచుల సంగతి చెప్పింది.

"మిషన్ నెత్తురు సూసిందంటే ఎవరి నెత్తురు సూసిందో వాల్లే వచ్చి మల్లా చెయ్యి ఆనించాల మేడం. అంతదాకా ఇంగొకరు ముట్టకూడదు. ముట్టితే అది వాల్లని గూడా అడుగుతాది."

"మనిషే పోతే?"

"వాల్ల ఇంట్లో ఎవరన్నా ఆనించాల. యాడైనా అంతే, ఈ సుట్టుపక్కల."

ఆ షెడ్లలో ఇది ఎవరూ మీరని కట్టుబాటు. సావుకారికి నమ్మకం లేకపోయినా, కాదంటే పనివాళ్ళు ఒక్కరూ రారు. మిషన్ మూలపడి నాలుగు నెలలు. అందుకే ఆయన నన్ను పిలిపించాడు. "మీరు ఫ్యాక్టరీకే వచ్చి చెయ్యి బాగుచేస్తారంట గదా మేడం, మా వాన్ని బిన్నా, తొందరగా పనిలోకి పంపీండి" అన్నాడు, అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అన్న రకం వినయంతో. నాకేమో లోపల సంబరంగా ఉంది. పని జరిగే చోటే వైద్యం అని నేను ఏళ్ళ తరబడి మొత్తుకున్నదానికి ఈ ఆచారం తనంతట తానే దారి వేస్తోంది అనుకున్నాను. ఒక ఆచారాన్ని మనకు పనికొచ్చే వైపు నుంచి మాత్రమే చూడటం ఎంత మూర్ఖత్వమో అప్పటికి నాకు తెలియదు.

అద్దంలో ఎవరి వేళ్ళు

కుళ్ళాయప్ప పొడుగాటి మనిషి, మితభాషి. మిగిలిన మూడు వేళ్ళూ బాగానే కదిలేవి. బాధంతా లేని వేళ్ళతోనే.

"మూసుకోని ఉండాయి మేడం," అన్నాడు మొదటి రోజు. "ఆ రెండు వేళ్ళు. గట్టిగా. గోర్లు అరచేతిలోకి దిగబడతాండాయి."

తెగిన వేళ్ళు ఉన్నట్టే అనిపించడం, నొప్పి పుట్టడం మా వృత్తిలో రోజూ చూసేదే. మెదడులో ఆ వేళ్ళ చోటు అట్లాగే ఉంటుంది, అందుకని. చివరి క్షణంలో చెయ్యి ఏ తీరులో ఉందో ఆ తీరులోనే బిగుసుకుపోయినట్టు కొందరికి అనిపిస్తుంది. ఇదంతా అతనికి వివరించాను. ఓపిగ్గా విని అన్నాడు:

"పిడిని నేను పట్టుకోల్యా మేడం. పిడే నన్ను పట్టుకున్యాది. ఇంగా ఇడ్సల్యా."

చక్కగా చెప్పాడే అనుకున్నాను. అంతే అనుకున్నాను. పిల్లలూ, ఈ వాక్యం దగ్గర ఒక నిమిషం ఆగండి. నేను ఆగలేదు. ఆ మాటను కాగితంలో "తెగిన వేళ్ళు బిగుసుకున్న భావన" అని మార్చి రాసి, పేజీ తిప్పాను.

దీనికి మా దగ్గరున్న వైద్యం అద్దం. బల్ల మీద అద్దాన్ని నిలువుగా పెట్టి, దెబ్బతిన్న చేతిని దాని వెనక దాచి, బాగున్న చేతిని ముందు పెట్టిస్తాం. అద్దంలో కనబడేది ఎడమచెయ్యే, కానీ కుడిచెయ్యి తిరిగొచ్చినట్టు ఉంటుంది. బాగున్న చేతిని మెల్లగా తెరిపిస్తే, లేని వేళ్ళు కూడా తెరుచుకున్నట్టు మెదడు నమ్ముతుంది. యాడికిలో వాళ్ళ ఇంటి పంచలోనే పెట్టాను. కుళ్ళాయప్ప అద్దంలోకి చూశాడు. ముఖం పాలిపోయింది.

"అవి ఎవరివి మేడం?"

"నీవే అనుకో అప్పా."

"నావి కావు. నా చిటికెన వేలి గోరు నల్లగా ఉండె. బండ పడి చచ్చిపోయిన గోరు. ఇది ఎవురిదో."

పంచలో కూర్చున్న ఓబులమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. నాకు కూడా ఆ మధ్యాహ్నం ఎండలో వీపు మీద చల్లగా ఏదో పాకినట్టయింది. అయినా నా పంతం నాది. సంచిలోంచి నల్ల పెన్ను తీసి, అతని ఎడమచేతి చిటికెన వేలి గోరుకు పూశాను. మళ్ళీ చూడమన్నాను.

ఈసారి చాలాసేపు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోయినవాళ్ళు వచ్చి గడపలో నిలబడితే చూసినట్టు చూశాడు. "అవే," అన్నాడు.

రోజూ పొద్దున, సాయంత్రం చేయించాను. మూడో వారంలో ఒక రోజు ఆ వేళ్ళు తెరుచుకున్నాయి. నొప్పి పోయింది. ఎన్నో నెలల తర్వాత కంటినిండా నిద్రపోయాడని ఓబులమ్మ నా రెండు చేతులూ పట్టుకొని ఏడ్చింది. పెద్ద డాక్టరుగారు కూడా "పర్వాలేదే" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడమంటే ఆషామాషీ కాదు. నేను చేసిందేమిటో అప్పుడు నాకు తెలియదు. ఆ పొద్దు మిషన్ దగ్గర ఏం జరిగిందో చెప్పే సాక్షి ఒక్క ఆ చెయ్యే. దాన్ని బుజ్జగించి నోరు మూయించాను.

చెయ్యి ఆనించిన రోజు

మంచిరోజు చూశారు. మూడు మిషన్లూ ఆపారు. ఆ షెడ్డులో నిశ్శబ్దం అంతకుముందు నేను వినలేదు. పైన రేకులు ఎండకు టక్ టక్ మంటున్నాయి. గోనెసంచులు తీస్తే కింద మిషన్ ఒక్కటే రాతిపొడి లేకుండా నల్లగా ఉంది. మిగతా లోకమంతా తెల్లగా, అదొక్కటి నల్లగా. కోడిని కోశారు. పసుపు, కుంకుమ పెట్టారు. కరెంటు మెయిన్ స్విచ్ దించి ఉంది. పూజప్పుడు అది కూడా వాళ్ళ పద్ధతే.

కుళ్ళాయప్ప మూడు వేళ్ళకు పసుపు పూసుకొని, వచ్చి, పిడి మీద చెయ్యి ఆనించాడు.

ఆనించి తీయలేదు. ఒక్కసారిగా చెమటలు పట్టాయి. పనివాళ్ళందరూ ఒక అడుగు వెనక్కి వేశారు, ఎవరో చెప్పినట్టు.

"మల్లా మూసుకున్యాయి మేడం," అన్నాడు మెల్లగా.

అతని బామ్మర్ది వన్నూరప్ప, ఓబులమ్మ తమ్ముడు, పక్కనే ఉన్నాడు. ముప్పై దాటని మనిషి. ఇకమీదట ఆ మిషన్ మీద నిలబడబోయేది అతనే. "బావా, తీసేయ్ చెయ్యి. ఈ పొద్దు వద్దులే," అన్నాడు.

అప్పుడు నేను ముందుకు వెళ్ళాను. "ఏం లేదు, భయం అంతే. ఊపిరి తీసుకో. అద్దం గుర్తు తెచ్చుకో. తెరుచుకుంటాయి," అన్నాను. కుళ్ళాయప్ప నా ముఖం వైపు చూశాడు. నన్ను నమ్మినవాడి చూపు అది. కళ్ళు మూసుకొని ఊపిరి తీసుకున్నాడు. కాసేపటికి చెయ్యి తీశాడు. పిడి మీద మూడు పసుపు వేళ్ళ గుర్తులు పడ్డాయి. సావుకారి చప్పట్లు కొట్టాడు. వేరే ఎవరూ కొట్టలేదు.

అన్ని నెలలు ఎవరినీ ముట్టనివ్వని ఆ గోనెసంచులను తీయించింది నేనే.

పదకొండు గంటలప్పుడు

కుళ్ళాయప్పకు తేలికపని ఏర్పాటు చేశాను. కోసిన బండలు కొలిచి, ఎర్ర పెన్సిలుతో కొలతలు రాయడం. ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. వన్నూరప్ప మిషన్ ఎక్కాడు. పది రోజులు ఏమీ కాలేదు.

ఆ రోజు నా వారపు తనిఖీ. పొద్దున పదకొండు గంటలప్పుడు అనుకుంటాను. నేనూ కుళ్ళాయప్పా షెడ్డు బయట, బండల దొంతర దగ్గర ఉన్నాం. అతని వీపు షెడ్డు వైపు. నాలుగు మిషన్లూ అరుస్తున్నాయి. అతను వంగి రాస్తున్నాడు, నేను మోచెయ్యి ఎంత వంగుతోందో చూస్తున్నాను. పెన్సిలు జారి కింద పడింది.

ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు.

"మూసుకుంటాండాయి."

"ఊపిరి తీసుకో—" అని నేను అంటున్నాను.

"నావి కావు మేడం," అన్నాడు. తిరిగి పరుగు తీశాడు.

మిషన్ వైపు కాదు. దాని వైపు చూడను కూడా లేదు. గోడకున్న మెయిన్ స్విచ్ దగ్గరకు పోయి, ఒంటి బరువంతా వేసి పిడి కిందికి లాగాడు. షెడ్డంతా ఒక్కసారిగా చచ్చినట్టు ఊరుకుంది. అప్పుడు చూశాం అందరం. వన్నూరప్ప మిషన్ దగ్గర నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ బండి పిడికి అతుక్కొని ఉన్నాయి. నోరు తెరుచుకొని ఉంది, అరుపు లేదు. అరుపు రాకపోబట్టే అంతదాకా ఎవరూ చూడలేదు. ఆగబోతూ తిరుగుతున్న బ్లేడు అతని వేళ్ళకు బెత్తెడు దూరంలో ఉంది. కరెంటు పోయిన మరుక్షణం కూలిపోయాడు. ఉక్కపోతగా ఉందని అంతకుముందే రబ్బరు బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నాడట.

బతికాడు. అరచేతులు కాలాయి.

బురదలో పడి ఉన్న అతన్ని ఓబులమ్మ ఒళ్ళో పెట్టుకొని పేరు పెట్టి పిలుస్తోంది. కుళ్ళాయప్ప స్విచ్ పిడిని వదల్లేదు. దగ్గరకు వెళ్ళాను. అతనే అన్నాడు.

"సెప్పినాను గదా మేడం. నేను పట్టుకోల్యా. అదే పట్టుకున్యాది."

ఎండిన గుంత

మధ్యాహ్నానికి తాడిపత్రి నుంచి కరెంటు మేస్త్రి వచ్చాడు. బండి కింద వైరు రాపిడికి తోలు ఊడి ఇనుముకు తగులుతోంది. ఎప్పుడూ కాదు, బండి ఒక మూలకు పోయినప్పుడు మాత్రమే. అప్పుడు మిషన్ అంతా కరెంటు. "అట్లయినా ఎర్త్ పని చేసుంటే మనిషిని పట్టదు గదా," అని గొణుగుతూ షెడ్డు వెనక్కి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

ఎర్త్ అంటే, మిషన్ నుంచి ఒక తీగను భూమిలోకి దించి, గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి పూడుస్తారు. దారి తప్పిన కరెంటు మనిషిలోంచి కాకుండా ఆ గుంతలోకి పోతుంది. ఆ గుంత ఎప్పుడూ తడిగా ఉండాలి. మేస్త్రి గడ్డపారతో పొడిస్తే పిండిలా దుమ్ము లేచింది.

"ఈ గుంతకి నీళ్ళు పోసి ఎన్నాళ్ళయింది?"

ఒక ముసలామె అంది: "మనుసులకే బిందె నీల్లు దొరకడం గగనం. ఏమీ మొలవని గుంతకి ఎవరు పోస్తారప్పా?"

ఆమెను తప్పుపట్టలేను. బోరు నీళ్ళు బ్లేడుకే చాలవు. వాడిపోయే చెట్టుకు కూడా నీళ్ళు పొయ్యలేని ఊళ్ళో, ఉప్పూ బొగ్గూ పూడ్చిన గుంతకు బిందెడు నీళ్ళు పోయాలని ఎవరికి తోస్తుంది? ఈ కరువు నేల మీద తప్ప ఇలాంటి తప్పు ఇంకెక్కడా జరగదేమో. మిషన్ కొన్నవాడికి తెలియాలి. సావుకారికి తెలుసు కూడా, పెట్టించిన రోజు చెప్పారట, మరిచిపోయాడు. అడగాల్సినవాళ్ళు ఇంకొకరు కూడా ఉన్నారు. ఆ మిషన్ దగ్గర అన్నిసార్లు నిలబడి, పిడి ఎత్తు కొలిచి, మోచేతి కోణం కొలిచి, వైరు వైపు కన్నెత్తి చూడని నేను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో వన్నూరప్ప అరచేతులకు మందు రాస్తున్నప్పుడు తెలిసింది. మాట వరసకు కాదు, కళ్ళెదుట.

కరెంటు పట్టిన చెయ్యి మూసుకుంటుంది. తెరవలేం. అరవలేం. ఈ సంగతి చదువుకున్నదాన్ని. కుళ్ళాయప్ప మొదటి రోజే అక్షరం పొల్లు పోకుండా అదే చెప్పాడు. అతను జబ్బు లక్షణం చెబుతున్నాడని నేను విన్నాను. అతను జరిగింది చెబుతున్నాడు. అతని మనసు మరిచిపోయిన సంగతిని ఆ లేని వేళ్ళు పట్టుకొని ఉన్నాయి. చెయ్యి చేసేది చూడు అన్న మా పెద్ద డాక్టరు మాటకు నేను ఈ సగం కలుపుతున్నాను: మనిషి చెప్పేది కూడా అట్లాగే, అదే మాటల్లో రాసుకోండి. మీ మాటల్లోకి మార్చకండి.

సావుకారి దగ్గరకు వెళ్ళి, తాగి వచ్చాడని అందరి ముందూ అరిచినవాడివి, తాగలేదని కూడా అందరి ముందే చెప్పమన్నాను. గొంతు పెంచే అన్నాను. గొంతు సవరించుకొని, "తాగల్యాదంటప్పా ఆ పొద్దు," అన్నాడు. ఆ "అంట" తీసేసి మళ్ళీ చెప్పేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

మా ఫైల్లో నేను రాసిన "మద్యం" మాటను కొట్టేసి, నా సంతకం పెట్టాను. అంతకంటే నాకు చేతనైంది లేదు.

మరి వీపు తిప్పి, ముప్పై అడుగుల దూరంలో ఉన్నవాడికి ఎట్లా తెలిసింది? పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఇరవై ఏళ్ళు ఆ మిషన్ అరుపు విన్న చెవులు గదా, శబ్దంలో తేడా పట్టి ఉంటాయి, చెవి కంటే ముందు చెయ్యి స్పందించి ఉంటుంది అని చెబుతాను. అది సబబైన జవాబే. తర్వాత చాలాసార్లు ఆ దొంతర దగ్గర నిలబడి కళ్ళు మూసుకొని విన్నాను. నాలుగు మిషన్ల మోతలో ఒకదాని గొంతు విడిగా నాకు ఒక్కసారి కూడా వినబడలేదు. కుళ్ళాయప్పను అడిగితే, "శబ్దం యాడిది మేడం? పట్టుకుంటాండాదని తెలిసినాది, అంతే" అన్నాడు. "నావి కావు" అని ఎందుకన్నావని అడిగాను. వన్నూరప్ప నిలబడే మిషన్ వైపు తల తిప్పి చూశాడు.

నేను చెయ్యకుండా వదిలిన వైద్యం

వైరు మార్చారు. గుంత తవ్వి కొత్త ఉప్పూ బొగ్గూ వేశారు. ఓబులమ్మ ఇంటి నుంచి వస్తూ తన వంతు నీళ్ళలో ఒక చెంబు తెచ్చి ప్రతి పొద్దునా ఆ గుంతలో పోస్తుంది. ఫ్యాక్టరీ నీళ్ళు పోస్తామన్నా వినదు. నెత్తురు పడకపోయినా కట్టుబాటు అదే, ఈసారి మిషన్‌కు చెయ్యి ఆనించాల్సింది వన్నూరప్ప. చేతులు మానేదాకా గోనెసంచులు అట్లాగే ఉండనిచ్చాను. సావుకారి రెండుసార్లు కబురు పెట్టాడు. నేను పలకలేదు. వన్నూరప్ప చేతులు మానాయి, వచ్చి చెయ్యి ఆనించాడు, మళ్ళీ అదే మిషన్ ఎక్కాడు. వేరే పని దొరకదు ఆ ఊళ్ళో.

కుళ్ళాయప్ప కొలతల పని మానేశాడు. మెయిన్ స్విచ్ పక్కన బండ మీద కూర్చుంటాడు. సావుకారికి కాదనే ధైర్యం లేదు.

ఆ వేళ్ళు ఆ రోజు మూసుకున్నవి మూసుకునే ఉన్నాయి. నొప్పి మొదటికి వచ్చింది. ముఖం పీక్కుపోయింది. నిద్ర లేదు. నేను సంచిలో అద్దం పెట్టుకొని వెళ్ళాను. నాకిది చేతనైన పనే. మూడు వారాలు చాలు. ఇప్పుడు నిజం కూడా బయటపడింది, ఆ చెయ్యి ఇంకా ఏం కాపాడాలి? బండ మీద అతని పక్కన కూర్చొని అద్దం బయటికి తీశాను.

"నొప్పి ఉండాదా అప్పా?" నాకు తెలియకుండానే వాళ్ళ మాట వచ్చేసింది.

"ఉండాది."

"తెరిపిద్దాం రా."

అద్దం వైపు చూశాడు. తర్వాత షెడ్డులోకి చూశాడు. వన్నూరప్ప కొత్త బూట్లు వేసుకొని బండి నెడుతున్నాడు. నీళ్ళు చిమ్ముతున్నాయి.

"వద్దు మేడం. మీరు తెరిపిస్తిరి, పది దినాలకు వాన్ని పట్టుకున్యాది. వాడు ఆ మిషన్ కాడ నిలబడినన్ని దినాలు ఇవి మూసుకోనే ఉండనీండి."

వైరు మార్చారనీ గుంత తడిగా ఉందనీ చెప్పాను. నొప్పికీ కరెంటుకీ సంబంధం లేదని చెప్పబోయి, నా నోరు నాకే వింతగా అనిపించి ఆపేశాను. నొప్పి తీయడం నా వృత్తి. తీయగలిగీ తీయకుండా ఒక మనిషిని వదలడం తప్పని నేనే ఎందరికో పాఠం చెప్పాను. అక్కడ కూర్చొని ఏడ్చాను. కుళ్ళాయప్ప నన్ను ఏడవనిచ్చాడు.

కాసేపటికి అద్దాన్ని సంచిలో పెట్టమని సైగ చేశాడు.

"వాడు ఈ పని మానుకున్న పొద్దు ఫోన్ చేస్తా మేడం. ఆ పొద్దు రాండి. తెరిపిచ్చుకుంటా."

నేను రిటైరయ్యాను. నంబరు మార్చలేదు. వన్నూరప్ప ఇంకా ఆ మిషన్ మీదే ఉన్నాడు. ఫోన్ రాలేదు.